చేపకు ఉడుం పేరు

1999 నవంబరు 8, సోమవారం

ఉదయం పదకొండు గంటలకు బెంగళూరు నుంచి ఫోను వచ్చింది. సునంద తెచ్చిన చేప కొత్తది. ఇంతవరకు ప్రపంచంలో ఎవరూ పేరు పెట్టని చేప.

ఈ మాటలు రాసి, మళ్ళీ చదివాను. కొట్టివేయాల్సిన ముక్క ఒక్కటీ లేదు.

నిన్న దీపావళి. ఈ రోజు పేపరు రాదు కాబట్టి ఇంట్లోనే ఉన్నాను. ఫోను నేనే తీశాను. అవతల గోవిందప్ప సార్. సొంతూరు గోరంట్ల, బెంగళూరులో స్థిరపడ్డారు. చేపల వర్గీకరణలో ఆయన ఔనంటే ఔనట. "రామదాసూ, మీ చెల్లెల్ని కూచోబెట్టి ఫోనియ్యప్పా" అన్నారు. సునంద కూర్చోలేదు. నిలబడే "నిజమా సార్, నిజమా సార్" అంటూ పోయింది. ఫోను పెట్టేసి వంటింట్లోకి పరుగెత్తి అమ్మను చుట్టుకుంది.

"విడుమే, చేతిలో నూనె గరిటె ఉండాది!" అమ్మ కేక. "ఏమి, ప్రమోషనొచ్చిందా?"

"చేప కొత్తదంట మా!"

"నువ్వు తెచ్చి ఏడాదాయె కదమే. ఇంకా పాతబడలేదా?"

ధర్మవరంలో మగ్గం చప్పుడు మధ్య పెరిగిన పిల్ల. సముద్రం మొదటిసారి చూసింది ముప్పై ఆరో ఏట, అదీ అండమాన్‌లో. తను జువాలజీ చెప్పే అనంతపురం కాలేజీకి సెలవు పెట్టి, ఒక చిన్న దీవిలో ఆరు వారాలుండి, ఆటు సమయంలో రాళ్ళు తిప్పుతూ పట్టిన చేప ఇది.

పన్నెండేళ్ళ కిందట ఆమె రొయ్యల మీద చేసిన పరిశోధనంతా ఆమె గైడు పేరుతో అచ్చయింది. చివర్న కృతజ్ఞతల్లో ఆమె పేరు పడింది, అదీ తప్పు స్పెల్లింగుతో. ఇంట్లో మేము ఆ మాట ఎత్తం. ఈ రోజు తనే ఎత్తింది.

"ఈసారి నా పేరుంటాదన్నా. చేప పేరు, పక్కన నా పేరు, సంవత్సరం. ఎవురు యాడ రాసినా అట్లనే రాయల్ల."

"ఎన్నాళ్ళు?"

"చేపలకు పేర్లున్నన్నాళ్ళు."

ఇరవై రెండేళ్ళుగా వార్తలు రాస్తున్నాను. మర్నాటికి పొట్లాలు కట్టని వార్త ఒక్కటీ రాయలేదు.

నవంబరు 10

సాయంత్రం కాలేజీ ల్యాబుకు వెళ్ళాను. సీసాలో తొమ్మిది చేపలు. అన్నిట్లో పెద్దది నా చిటికెన వేలిలో రెండు కణుపులంత. ఆల్కహాలులో పాలిపోయాయి. బతికున్నప్పుడు ఆకుపచ్చ ఒంటి మీద లేత గీతలుండేవట. ఆ రంగుకు సాక్ష్యం ఫోటోలే.

ఒకదాన్ని మైక్రోస్కోపు కింద వెల్లకిలా పడుకోబెట్టింది.

"పొలుసులు కనపడినాయా?"

"లేవు."

"ఉండవు. ఒళ్ళంతా జిగురు. ఇప్పుడు పొట్ట చూడు."

పొట్ట కింద రెక్కలుండాల్సిన చోట ఒక గుండ్రటి బిళ్ళ ఉంది. కడుపు రెక్కలే మారి ఆ బిళ్ళ అయ్యాయట. అంచుల్లో సన్నటి బుడిపెలు. ఆ బిళ్ళతో రాతిని పట్టుకుంటుంది. అల కొట్టినా ఊడదు. ఆటుకు సముద్రం వెనక్కి పోతే, తడి రాతి అడుగున అలాగే అతుక్కుని, పోటు వచ్చేదాకా ఉంటుంది.

"కొత్తదని ఎట్ల చెప్తారు?" అని అడిగాను.

మూడు తేడాలు చెప్పింది. వెన్ను రెక్కలో పుల్లలు దీని చుట్టాలకన్నా తక్కువ. బిళ్ళ నడుమ బుడిపెలు లేవు, నున్నగా ఉంటుంది. తల మీది రంధ్రాల్లో ఒక జత లేదు.

"ఒక్కదానికి లేకుంటే అవిటిది అనుకోవచ్చు. తొమ్మిదిట్లో ఒక్కదానికీ లేకుంటే అది జాతి."

"ఆ దీవిలో తప్ప ఇంకెక్కడా లేదా?"

"అట్లనొద్దు. ఇంతవరకూ ఆ దీవిలోనే దొరికింది, అను."

నాకు చాలా నచ్చింది. మా డెస్కులో సగం మందికి ఈ తేడా తెలియదు.

"రాసుకుంటాండావా?"

"చెయ్యి అలవాటు."

"పేపర్లో ఇప్పుడే వెయ్యొద్దన్నా."

వెయ్యనన్నాను.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను, నీళ్ళు పోయినా రాయి వదలని చేప అని.

"నీళ్ళు లేకున్నా, వచ్చేదాకా రాయి పట్టుకోని కూచుంటాదా?" అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూనే అంది. "అట్లయితే అది మన జిల్లాదే రా. దావ తప్పి పోయింటాది."

నవంబరు 12

పేరు దొరికింది. పెట్టింది అమ్మ. పెట్టినట్టు ఆమెకు తెలియదు.

అన్నాలు తింటూ సునంద దీవి కబుర్లు చెబుతోంది. మొదటి చేపను బకెట్లో వేస్తే అడుగున అంటుకుందట. నీళ్ళు పారబోసి బకెట్ బోర్లించింది. పడలేదు. తట్టింది. పడలేదు. చివరికి గోరు దూర్చి ఒక పక్క లేపితే గానీ రాలేదు.

"ఉడుం పట్టంటే అదే కదమే" అంది అమ్మ. "పెనుకొండ కోట గోడ మీదికి దొంగలు ఉడుముకు తాడు కట్టి ఇసిరేవాళ్ళంట. అది పట్టిందంటే మనిషి తాడు పట్టుకోని ఎక్కేయొచ్చంట."

దొంగల సంగతికి ఆధారం లేదు. కానీ సునంద చెయ్యి కంచంలో ఆగిపోయింది.

"ఉడుము" అంది. మళ్ళీ అంది. "లెపాడిక్తిస్ ఉడుము."

మొదటిది ఇంటిపేరు లాంటిది, ఆ కుటుంబంలో అన్నిటికీ అదే. రెండోది దీనికే. ఏ భాష మాటైనా పెట్టవచ్చట. ముగ్గురం వంతులవారీగా ఆ పేరు పలికాం. అమ్మకు మొదటి ముక్క నోరు తిరగక "లేపాక్షి ఉడుము" అంది. సునంద నవ్వి నవ్వి పొలమారింది.

ఇంకొకటి చెప్పింది. రాయి తిప్పితే అడుగున ఒకే వరసలో అంటించిన గుడ్లు, వాటి పక్కన మగ చేప. ఆడది గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది. పిల్లలయ్యేదాకా కాపలా మగదే.

"మగోడు గుడ్లు కాస్తాడా?" అంది అమ్మ. "ఆ దీవి యాడమే? మీ నాయన ఉన్నప్పుడు తెలిసింటే ఒకసారి చూపిచ్చుకోని వచ్చేదాన్ని."

నవంబరు 13

'ఇప్పుడే వద్దు' అంది. ఎప్పటిదాకా అని చెప్పలేదు. నేనూ అడగలేదు.

నవంబరు 15

కుందుర్పి. తవ్విన బోరుబావులన్నీ ఎండినవే. వేరుశనగ కట్టెలో కాయ లేదు. ఇదే వార్త పోయినేడూ రాశాను. ఊరి పేరు మార్చితే చాలు.

నవంబరు 17

జిల్లా పేజీకి పై వార్త లేదు. డెస్కు నుంచి ఓబిలేష్ ఫోను చేశాడు.

"అన్నా, దినామూ కరువేనా? జనం పేపరు తెరిస్తే దుమ్ము రాలతాంది. ఇంకేమన్నా ఇయ్యి."

ఇచ్చాను.

సునంద వద్దన్నది 10వ తేదీన. అప్పటికి పేరు లేదు. పేరు లేని వార్త సగం వార్త, అందుకే వద్దని ఉంటుంది. ఇప్పుడు పేరుంది. పైగా వార్తలో తప్పేమీ లేదు. తేడాలు మూడూ ఇచ్చాను. 'ఇంతవరకు ఆ దీవిలోనే దొరికింది' అనే రాశాను. సునంద చెప్పింది అని వాక్యం వాక్యానికీ తగిలించలేదు, నిజానికి కొటేషన్లు అక్కర్లేదు. ఆమె కనిపెట్టింది అని మొదట్లో ఒకసారి ఉంది. పైన నా పేరు వేయమన్నాను.

ఆశ్చర్యంగా ఉంటుందిలే, ఉదయం చూస్తుంది.

నవంబరు 18, గురువారం

ఏం రోజు! ఆరున్నరకే ఫోను మొదలైంది. కలెక్టరేటు నుంచి, ధర్మవరం నుంచి, ఎప్పుడూ ఫోను చేయని మేనమామ నుంచి. పాలవాడు చేపను చూపమన్నాడు. ఇంట్లో లేదంటే నమ్మలేదు. "ఉడుము రేటెంతన్నా?" అని ఒకడు. రాప్తాడు నుంచి స్కూలు టీచరు పిల్లల్ని తీసుకొచ్చి చూపిస్తానన్నాడు. కరువు మీద రాసిన వార్తలన్నిటికీ కలిపి ఇన్ని ఫోన్లు రాలేదు.

సునంద పేపరు చూసింది. "చెప్పింటే బాగుండు కదన్నా" అంది. కోపంగా కాదు. కాలేజీలో పిల్లలు చప్పట్లు కొట్టారట, మధ్యాహ్నం ఫోనులో చెప్పింది. గొంతులో సంతోషం ఉంది. ఉంది, నేను విన్నాను.

సాయంత్రం ఆమె గోవిందప్ప సార్‌కు ఫోను చేసింది, వార్త వచ్చిందని చెప్పడానికి. నేను పక్కనే ఉన్నాను.

"పేరు వేసినారు సార్... ఔను, లక్షణాలూ వేసినారు... ఎవరి పేరుతోనా? మా అన్న పేరుతో."

తర్వాత చాలాసేపు విన్నది. కుర్చీ లాక్కుని కూర్చుంది. మొన్న శుభవార్తకు కూర్చోని మనిషి.

నవంబరు 19

నియమం ఇది. గోవిందప్ప సార్ దగ్గర నేనే మళ్ళీ కనుక్కున్నాను, విన్నదాన్ని విన్నట్టు రాస్తున్నాను.

కొత్త జంతువు పేరునూ దాని లక్షణాలనూ ఎవరు ముందు అచ్చులో పెడితే ఆ పేరు వాళ్ళది. శాస్త్ర పత్రికే కానక్కర్లేదు. వార్తాపత్రికయినా సరే. జనవరి ఒకటి నుంచి కొత్త నియమాలు వస్తాయి, అసలు నమూనాను ఏ సంగ్రహాలయంలో పెట్టారో కూడా చెప్పాలి. అప్పుడైతే నా వార్త చెల్లేది కాదు. ఇప్పుడు చెల్లుతుంది.

అంటే ప్రపంచంలో ఎవరు ఈ చేప పేరు రాసినా పక్కన నా పేరు రాయాలి. సునంద పంపబోయే వ్యాసంలో అది కొత్త జాతి కాదు. పేరు పెట్టేసిన జాతి.

"సవరణ వేయిస్తాను సార్" అన్నాను.

"నేటి సవరణ నిన్నటి పేపర్ని చింపేస్తాదా నాయనా? అచ్చయింది అచ్చయిందే. ఆ పేపరు నాకు పంపు, చూస్తా. ఆశ పెట్టుకోవద్దని ఆయమ్మకు చెప్పు."

బెంగళూరు బస్సు డ్రైవరు చేతికి పేపరిచ్చి పంపాను.

ఇంటికి రాగానే సునంద ఎదురొచ్చింది.

"గైడు దొంగతనం చేసినాడు, సరే. దొంగని తెలుసు, తిట్టుకున్న్యా. నిన్నేమని తిట్టల్ల?"

"నాకు తెలియదు సునందా. ఆ నియమం ఉందని—"

"తెలియకపోతే అడుగుతారు. ఊరూరా పోయి అందర్నీ అడిగేదే కదా నీ పని. పక్క గదిలో ఉండేదాన్ని ఒక్క మాట అడగల్యా?"

అమ్మ మధ్యలోకి రాలేదు. అన్నం మాత్రం ఇద్దరికీ వేరు వేరుగా పెట్టింది.

నవంబరు 20

లెపాడిక్తిస్ ఉడుము రామదాసు, 1999.

ఎలా ఉంటుందో చూద్దామని రాశాను. అంతే.

నవంబరు 21

సునంద మాట్లాడలేదు.

జువాలజీ చదవనివాడి పేరు చేప పక్కన ఉండడం హాస్యాస్పదం. రామదాసు, 1999. ఊరికే రాశాను.

నవంబరు 23, మంగళవారం

పొద్దున్నే ఫోను. గోవిందప్ప సార్ నవ్వుతున్నారు. మాటకన్నా ముందు నవ్వు వినబడింది.

"ఏమప్పా రామదాసూ, పేరు యాడ వేసినావు?"

"మూడో పేరాలో సార్."

"అది తెలుగులో ఉండాది కదప్పా!"

తెలుగు పేపర్లో తెలుగులో కాక ఇంకెట్లా ఉంటుందనుకున్నాను. ఆయన చెప్పారు. జంతువు పేరు మొదటిసారి అచ్చయ్యేటప్పుడు లాటిన్ అక్షరాల్లో, అంటే ఇంగ్లీషువాళ్ళు వాడే ఆ ఇరవై ఆరు అక్షరాల్లోనే ఉండాలి. ఇంకే లిపిలో ఉన్నా అది పేరు కిందికి రాదు. పుట్టనట్టే లెక్క.

"మన యాభయ్యారు అక్షరాలు ఈడ చెల్లవు నాయనా. మీ పేపరు బంగారం. తెలుగోడి మొండితనం మీ చెల్లెల్ని కాపాడింది. ఫోను ఆయమ్మకియ్యి."

సునంద ఫోను పెట్టి నా భుజం మీద ఒక్కటి వేసింది. నొప్పి ఇంకా ఉంది. ఆదివారం నుంచి నాతో మాట్లాడని మనిషి పది నిమిషాలు ఆపకుండా మాట్లాడింది. అమ్మ ముగ్గురికీ ఒకే చోట కంచాలు పెట్టింది.

మధ్యాహ్నం డెస్కుకు వెళ్ళాను. నాకొక అనుమానం ఉంది. నా కాపీలో ఆ పేరు ఇంగ్లీషు అక్షరాల్లోనే రాశాను, స్పెల్లింగు తప్పు పోకూడదని.

"ఓబిలేషూ, చేప పేరు తెలుగులోకి మార్చింది నువ్వేనా?"

వాడు కీబోర్డు మీంచి చెయ్యి తీసేశాడు. "తప్పు పోయిందా అన్నా?"

"లేదు, చెప్పు."

"మన పేపర్లో ఇంగ్లీషు ముక్క పడగూడదు కదన్నా, నీకు తెల్దా? పైగా మన ఫాంటులో ఇంగ్లీషు కొడితే చెత్త వస్తాది. ఫాంటు మార్చమంటే ఆపరేటర్లు తిడతారు. అందుకని తెలుగులో కొట్టేసినా. సారీ అన్నా."

నా కాపీ ముట్టుకున్నందుకు ఇరవై రెండేళ్ళలో ఎందరు సబ్ ఎడిటర్లను తిట్టానో. వీడికి బజ్జీలు తెప్పించాను. ఎందుకో వాడికి అర్థం కాలేదు. నాలుగు తిని, ఇంకో ప్లేటు చెప్పమన్నాడు.

చాలా సంతోషంగా ఉంది. సంతోషమే.

నవంబరు 24

సంతోషం ఒక రోజు నిలిచింది.

కలెక్టరేటు క్యాంటీన్లో నారాయణప్ప కలిశాడు. బెంగళూరులో అచ్చయ్యే ఇంగ్లీషు పేపరుకు జిల్లా విలేఖరి. పద్నాలుగేళ్ళుగా రాస్తున్నాడు, వార్త మీద అతని పేరు ఏనాడూ రాలేదు. 'మా విలేఖరి' అని వస్తుంది, అంతే.

"నీ చెల్లెలి చేపను నేనూ పంపిచ్చినానప్పా. నీ వార్తనే ఇంగ్లీషులోకి దించినా, ఏమనుకోవద్దు. ఆదివారం పేజీలో వేస్తారంట. నా పేరుతో!"

చేతిలో టీ గ్లాసు కింద పెట్టాను.

"చేప పేరు కూడా రాసినావా?"

"అది లేకుంటే వార్తేముంది? మీ పేపర్లో తెలుగులో ఉండె కదా, నేను ఇంగ్లీషులో రాసినా. యు, డి, యు, ఎం, యు. తప్పా?"

"తప్పు కాదు. అదే చిక్కు."

చెప్పేశాను. పేరు, లక్షణాలు, ఇరవై ఆరు అక్షరాలు, పైన రాసినవాడి పేరు. అన్నీ అతని వార్తలో ఉన్నాయి. జనవరి ఒకటి ఇంకా రాలేదు.

"అంటే?" అన్నాడు.

"అంటే ఆదివారం నుంచి అది నారాయణప్ప చేప."

పెద్దగా నవ్వాడు. తర్వాత ఆపాడు.

"ప్రపంచమంతా నా పేరు రాస్తారా?"

"రాయాల్సిందే."

"అమెరికావాళ్ళు కూడా?"

"ఎవరైనా."

నారాయణప్ప గ్లాసు అంచు మీద వేలితో గుండ్రంగా తిప్పుతూ కూర్చున్నాడు. ఆ ఆశ నాకు తెలుసు. శని, ఆదివారాలు నేను అందులోనే ఉన్నాను. ఇప్పుడు అతని ముఖంలో చూస్తే గానీ అది ఎలా ఉంటుందో తెలియలేదు.

"రేపు మాట్లాడదామప్పా" అని లేచి వెళ్ళిపోయాడు.

సునందకు చెప్పాలా? చెప్పాను. ఒకసారి అడక్కుండా చేసింది చాలు.

విని, "పేపరు యాడ అచ్చవుతాది?" అంది.

"బెంగళూరులో."

"ఆ పేజీ ఎప్పుడు కడతారు?"

"శుక్రవారం."

"అయితే రేపొక్క రోజుండాది. నేనూ వస్తా."

నవంబరు 25

వద్దన్నాను, వచ్చింది. నారాయణప్ప ఇంటి వసారాలో ముగ్గురం. అతని భార్య బొరుగుల ఉగ్గాని, బజ్జీ పెట్టింది. ఎవరూ ముట్టలేదు.

సునంద బ్రతిమాలలేదు. సంచిలోంచి సీసా తీసి అతని చేతిలో పెట్టింది. ఒక చేప, పొట్ట పైకి కనబడేలా.

"చూడన్నా. వార్త రాసినావు, చేపను చూడల్యా."

ఎండలోకి పట్టుకుని చూశాడు. బిళ్ళ ఎక్కడుందని అడిగాడు. చూపించింది. బుడిపెలు ఎన్ని అంటే, చెప్పింది. మగదా ఆడదా అంటే, మగదంది. దాన్ని పట్టిన రాయి అడుగున గుడ్లున్నాయని, రాయిని మళ్ళీ ఎట్లున్నది అట్లే బోర్లించి వచ్చానని చెప్పింది.

"మరి గుడ్లకు కాపలా?"

"దీన్ని నేను పట్టుకొస్తి కదన్నా. ఏమయినాయో తెల్దు."

ఆ మాట నాకెప్పుడూ చెప్పలేదు.

నారాయణప్ప సీసా తిరిగిచ్చాడు. "పద్నాలుగేండ్లమ్మా. ఒక్క వార్త మీద నా పేరు రాల్యా. మా పిల్లోల్లు బళ్ళో చెప్తే, యాడ చూపిచ్చు అంటారంట."

"నాకూ పన్నెండేండ్లన్నా" అంది సునంద. రొయ్యల సంగతి చెప్పింది. బయటివాళ్ళ ముందు చెప్పడం నేను మొదటిసారి విన్నాను.

నేను అడగాల్సింది అడిగాను. వార్త ఆపమనలేదు, నీ పేరు తీయమనలేదు. చేప లాటిన్ పేరు ఒక్కటి తీసెయ్. అండమాన్‌లో కొత్త చేప, అనంతపురం లెక్చరర్ కనిపెట్టింది, అంతవరకు వెయ్యి.

"పేరు లేకుంటే మొండి వార్త కదప్పా. నువ్వు పేరుతో వేసుకోని, నన్ను పేరు లేకుండా వేయమంటావా?"

నిజమే.

చివరికి అతనే అన్నాడు. "సరే. బెంగళూరుకు ఫోను చేసి తీయిస్తా. అయితే ఒకటి. ఆయమ్మ వ్యాసం అసలు పత్రికలో వస్తాది కదా, ఆ పొద్దు వార్త నాది. పేరుతో, ఫోటోతో. నువ్వు ఒక్క అక్షరం రాయగూడదు. మీ పేపర్లో నా మర్నాడు రావల్ల, అదీ ఇంకెవురన్నా రాయల్ల."

ఇరవై రెండేళ్ళలో నేను ఎవరికీ వార్త వదల్లేదు. అదీ నా ఇంటి వార్త.

సునంద నా వైపు చూడలేదు. ఉగ్గాని ప్లేటు దగ్గరికి లాక్కుని తినడం మొదలుపెట్టింది.

"సరే" అన్నాను.

దారిలో ఆమె అంది: "నాలుగు దినాలు చేప నీదయ్యె, దాని పట్టు నీకూ వచ్చినట్లుండాది. 'సరే' అనేకి అంతసేపా?"

నవంబరు 26

పొద్దున్నే, పేజీ కట్టకముందే, నారాయణప్ప నా ఎదుటే ఎస్‌టీడీ బూత్ నుంచి మాట్లాడాడు. ఇంగ్లీషులో. రెండుసార్లు స్పెల్లింగు చెప్పి, అది తీసేయమన్నాడు. అటువైపు వాళ్ళు ఎందుకని అడిగినట్టున్నారు.

"ఇట్ ఈజ్ నాట్ బార్న్ యెట్" అన్నాడు.

నవంబరు 28, ఆదివారం

ఇంగ్లీషు పేపరు వచ్చింది. చేప ఉంది, దీవి ఉంది, సునంద ఉంది. లాటిన్ పేరు లేదు. పైన నల్లటి అక్షరాల్లో: బై నారాయణప్ప.

అతను ఆరు కాపీలు కొన్నాడట. ఒకటి మాకు పంపాడు.

డిసెంబరు 14

సునంద వ్యాసం పత్రికకు పోయింది. అసలు నమూనా చేప కలకత్తా సంగ్రహాలయానికి పోయింది, ఎక్కడ ఉంచారో వ్యాసంలో రాయాలి కాబట్టి. పంపే ముందు ఆ సీసాకు అమ్మ కుంకుమ బొట్టు పెట్టింది. సునంద తుడిచింది. అమ్మ మళ్ళీ పెట్టింది. అలాగే పోయింది.

2000 జనవరి 1

కొత్త నియమాలు అమల్లోకి వచ్చాయి. కంప్యూటర్లన్నీ ఆగిపోతాయన్నారు, మా డెస్కులో ఒక్కటీ ఆగలేదు.

ఫిబ్రవరి 9

పత్రికవాళ్ళు వ్యాసం తీసుకున్నారు. ఒకే ఒక ప్రశ్న: ఉడుము అనే మాట ఏ భాషది, అర్థమేమిటి? సునంద రాసి నాకు చూపింది, అడక్కుండానే. 'తెలుగు. రాతిని పట్టుకుంటే వదలని బల్లి జాతి జీవి పేరు. ఈ పోలిక చెప్పినవారు ధర్మవరం ఓబులమ్మ.'

అమ్మకు చదివి వినిపించాం. "నన్నెందుకు ఇరికిస్తారే బల్లితో?" అంది. రెండుసార్లు చదివించుకుంది.

మార్చి 20, సోమవారం

పది గంటలకు పోస్టులో వచ్చింది. సునంద విప్పలేదు, నన్ను విప్పమంది. నలభై ఒకటో పేజీ. ఇరవై ఆరు అక్షరాల్లో: లెపాడిక్తిస్ ఉడుము. దాని కింద ఒకే ఒక్క పేరు. సునంద, 2000.

స్పెల్లింగు చూశాను. ఒక్కో అక్షరం వేలు పెట్టి చూశాను. సరిగ్గా ఉంది.

ఆమె ఏడుస్తుందేమో అనుకున్నాను. వంటింట్లోకి పరుగెత్తింది. "విడుమే!" అని అమ్మ కేక వినబడింది. నేను ఫోను దగ్గరికి పోయి, డెస్కు నంబరు తిప్పబోయి, మధ్యలో ఆపి, నారాయణప్పకు చేశాను.

"వచ్చిందా అప్పా?" అన్నాడు, నేను నోరు తెరవక ముందే.

రేపు ఉదయం తొమ్మిదికి ఫోటోగ్రాఫరుతో మా ఇంటికొస్తాడు. సునంద కాలేజీకి సగం రోజు సెలవు పెట్టింది, అమ్మ ధర్మవరం పట్టుచీర తీసి ఆరేసింది. తొమ్మిదికే నాకు రాప్తాడు మండలాఫీసులో పశుగ్రాసం మీద సమీక్ష. ఎనిమిదిన్నర బస్సుకు పోతాను.